రాహేలు మేస్త్రీ, అట్ట లేని పుస్తకం

నరసరావుపేట పొగాకు గ్రేడింగు షెడ్లలో ఆకు ఏరేది ఆడవాళ్ళే అయినా, వాళ్ళ మీద మేస్త్రీ మాత్రం మగవాడే ఉండేవాడు. చేతిలో బెత్తం లేకపోయినా నోట్లో ఉండేది. అలాంటి చోట ఒక ఆడమనిషి మేస్త్రీ అయింది. అందులోనూ ఊరి బయట పల్లెలో పుట్టిన క్రైస్తవుల పిల్ల. స్టేషను రోడ్డులో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆమె పేరు రాహేలు.

పుట్టిల్లు నాదెండ్ల. మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివింది. ఆపైన బడి లేదు గాని, చదవటం మానలేదు. బెల్లం పొట్లం విప్పితే ముందు ఆ కాగితం చదివి, తరువాతే బెల్లం డబ్బాలో వేసేది. సాయంత్రం ప్రార్థనలో పల్లె అంతటికీ వాక్యం చదివి వినిపించేది ఆమే. రైలు పట్టాల గ్యాంగులో పనిచేసే దేవదాసుని చేసుకొని పేటకు వచ్చాక షెడ్డులో కూలికి కుదిరింది. ఆకు రంగు పట్టటంలో దేవుడు ఆమె కంటికి ఏదో ప్రత్యేకమైన చూపు ఇచ్చాడు. నిమ్మపండు రంగుకీ, నారింజ రంగుకీ మధ్య తటపటాయించే ఆకుని ఒక్కసారి తిప్పి చూసి, ఏ కుప్పలో వేయాలో అందులో వేసేది.

పాత మేస్త్రీ సొంత వ్యాపారమని వినుకొండ వెళ్ళిపోయినప్పుడు, షెడ్డు చూసుకునే గుమాస్తా అమరేశ్వరరావు కొత్తవాడి కోసం వెతుకుతుంటే ఆడవాళ్ళే వెళ్ళి అడిగారు.

"రాహేలుని పెట్టండయ్యా. ఆమె అరవదు."

"అరవకపోతే పని ఎట్టా జరుగుద్దే?" అన్నాడాయన.

"అరిస్తే మాత్రం ఎంత జరిగిందో చూశాంగా," అంది వెంకాయమ్మ. షెడ్డులో అందరికంటే పెద్దది, రైతు కుటుంబంలో పుట్టి చితికిపోయి కూలికి వచ్చిన మనిషి. ఆమె మాటకి గుమాస్తా కూడా కాస్త జంకేవాడు.

అలా రాహేలు మేస్త్రీ అయింది. చంటిపిల్లల తల్లుల్ని ఉయ్యాల కట్టుకునే వీలున్న గుంజల పక్కన కూర్చోబెట్టేది. అన్నం తెచ్చుకోని మనిషి ఎవరో ముఖం చూసి పసిగట్టి, తన గిన్నెలోది సగం పెట్టి, "నాకు ఎక్కువైంది వదినా, పారేయలేను," అని అబద్ధమాడేది. ఆ అబద్ధాన్ని దేవుడు క్షమించే ఉంటాడు.

ఎనిమిది గ్రహాలు ఒకచోట కలుస్తాయని, లోకం మునిగిపోతుందని జనం హడలిపోయిన ఏడాది, అంటే 1962లో, షెడ్డుకి మొదటిసారి తురక ఆడవాళ్ళు పనికి వచ్చారు. ఆరుగురు. వాళ్ళకు పెద్ద హజ్రా బీ. ఆమె పెనిమిటి జట్కా తోలేవాడు. గుర్రం కాలు విరిగి బండి మూలపడింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఇప్పుడు హజ్రా బీ తెచ్చే కూలే ఆధారం. ఎన్నడూ ఇల్లు దాటి పని చేయని మనిషి కావటంతో తల వంచుకొని వచ్చి తల వంచుకొని పోయేది. అయినా చెయ్యి చురుకు. పది రోజుల్లో పని పట్టేసింది.

గ్రహాలు కలిశాయి, విడిపోయాయి, లోకం మునగలేదు. వెంటనే రంజాను నెల వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆకు ఏరుతూ ఏరుతూ హజ్రా బీ ఒక పక్కకు ఒరిగిపోయింది. ముఖం పాలిపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. రాహేలు పరుగున వెళ్ళి తన మజ్జిగ చెంబులోంచి గ్లాసులోకి వంచింది.

"రెండు గుక్కలు తాగక్కా. కళ్ళు తిరుగుతున్నయ్ నీకు."

హజ్రా బీ ముఖం తిప్పుకుంది. "వద్దమ్మా, రోజా ఉన్నా."

"ఒక్కపొద్దేగా? మేమూ ఉంటాం ఒక్కపొద్దులు. మజ్జిగకేముంది, తాగు." రాహేలు గ్లాసు ఆమె పెదాలకు ఆనించింది.

హజ్రా బీ విసురుగా చేత్తో తోసేసింది. గ్లాసు ఎగిరి పడింది. మజ్జిగంతా మేలు రకం ఆకు కుప్ప మీద ఒలికింది.

గ్లాసుని తోసేయటం అంటే ఏమిటో పల్లె నుంచి వచ్చిన ప్రతి ఆడదానికీ తెలుసు. దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోయించుకున్న చిన్నతనం రాహేలుది. ఆ తోపు ఆమెకు కొత్త కాదు. అందుకే గుండెలో సరిగ్గా పాత చోటనే తగిలింది.

వెంకాయమ్మ ఊరుకోలేదు. "చూశావటే! మేం మీ కుండలో ముంచుకోకపోతే మమ్మల్నంటారు. ఇప్పుడు సాయెబులు కూడా నేర్చారు."

రాహేలు తడిసిన ఆకు ఏరి పక్కన పెట్టింది. సరిగ్గా అప్పుడే గుమాస్తా లోపలికి వచ్చాడు. మచ్చలు పడ్డ ఆకు చూశాడు, గోడకు ఆనుకొన్న హజ్రా బీని చూశాడు, రాహేలుని బయటికి పిలిచాడు.

ఆయన చెడ్డవాడు కాడు, భయస్థుడు. "రంజాను పండగ మర్నాడు గుంటూరు నుంచి లారీ వస్తది. ఆ వారంలోనే శివరాత్రి, మీ బూడిద బుధవారం, వాళ్ళ పండగ మూడూ పడ్డయ్. మూడు మతాలకి మూడు సెలవలిస్తే సరుకు ఎవరు తీస్తారు? ఉన్నవాళ్ళేమో పొద్దు వాలేసరికి పడిపోతన్నారు. ఆ ఆరుగుర్నీ మానిపించు రాహేలూ. నాదెండ్ల నుంచి వేరేవాళ్ళని దింపుతా."

"పండగ అయినాక మళ్ళీ రావచ్చాండీ వాళ్ళు?"

"వాళ్ళ చోట్లో వేరేవాళ్ళు కూర్చున్నాక ఎట్టా వస్తారే? ఈ ఏటికి ఇంతే. నువ్వు ఊఁ అంటే రేపే కబురంపుతా."

'ఊఁ' అనే మాట రాహేలు నాలుక చివరిదాకా వచ్చింది. తోసేసిన గ్లాసు ఇంకా కళ్ళ ముందు దొర్లుతూనే ఉంది. "రేపు చెప్తానయ్యా," అని మాత్రం అంది.

ఇంటికి పోతూ దారిలో ప్రార్థన చేసుకోవాలని చూసింది, మాటలు కూడలేదు. ఆరు ఇళ్ళ పొయ్యిలు తన ఒక్క మాట మీద ఉన్నాయి. ఆ మాట కోపంలో అనేస్తే? కోపానికి కారణమైనా సరిగ్గా తెలుసా తనకి? 'రోజా ఉన్నా' అంది ఆ మనిషి. రోజా అంటే ఏమిటో తను ఎన్నడైనా కనుక్కుందా?

బజారు మలుపులో గ్రంథాలయం ఉంది. ఏళ్ళ తరబడి దాని ముందు నుంచే నడిచింది గాని మెట్టు ఎక్కలేదు. లోపల అంతా పంచెలూ, కళ్ళజోళ్ళూ. ఆ సాయంత్రం ఎక్కింది.

గ్రంథాలయం చూసుకునే చెన్నకేశవులు తల ఎత్తి, "ఎవరు కావాలమ్మా?" అన్నాడు, తోవ తప్పి వచ్చిందనుకొని.

"మనుషులు కాదండీ, పుస్తకం. సాయెబులు ఒక్కపొద్దు ఎట్టా ఉంటారో రాసిన పుస్తకం ఏదన్నా ఉందాండీ?"

ఆయన నవ్వలేదు. అలమారాలో పైఅరలోంచి సన్నటి పుస్తకం ఒకటి దింపాడు. అట్ట ఊడిపోయింది, పేరున్న పేజీ కూడా లేదు. మన ఊళ్ళలో ఉండే నానా మతాలవాళ్ళ పండుగలు, నోములు, ఉపవాసాల గురించి ఎవరో పెద్దమనిషి గ్రాంథికంలో రాసిన పుస్తకం.

రాహేలు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. పొగాకు జిగురు. బూడిదతో ఎంత తోమినా వేళ్ళ మీది నలుపు పోదు. చెన్నకేశవులు అది గమనించి, ఒక పాత వార్తాపత్రిక తీసి పుస్తకానికి శ్రద్ధగా అట్ట వేసి ఇచ్చాడు. "ఇప్పుడు ఎట్టాగైనా పట్టుకోవచ్చు," అన్నాడు. జామీను సంతకం కూడా ఆయనే పెట్టాడు.

ఆ మెట్ల మీదే కూర్చొని ఆమె చదివింది. 'వేకువ మొదలు సూర్యుడు అస్తమించువరకు నీటి బొట్టునైనను ముట్టరు. మరచి గాక తెలిసి ముట్టిన యెడల ఆ దినపు వ్రతము భంగమగును.'

నీటి బొట్టు కూడానా! తానేమో గ్లాసుని నోట్లోకి నెట్టింది.

రాహేలుకి సిగ్గు వేసింది. సిగ్గు వెనకే ఎందుకో నవ్వు వచ్చింది. నవ్వు వెనకే కళ్ళలో నీళ్ళు. ఆగిపోయిన ప్రార్థన అప్పుడు దానంతటదే వచ్చింది.

మర్నాడు పొద్దున గుమాస్తా గేటు దగ్గరే అడిగాడు. "మధ్యాహ్నం దాకా ఆగండయ్యా," అంది. అన్నాల వేళకి షెడ్డులో ఆడవాళ్ళు ఎప్పటిలాగే ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. వెంకాయమ్మ వాళ్ళు తూర్పు గోడకి, పల్లెవాళ్ళు గుంజల దగ్గర, అన్నం లేని ఆరుగురు పడమటి కిటికీ కింద. రాహేలు సరిగ్గా మధ్యలో గోనెపట్టా వేసుకొని పుస్తకం తెరిచింది.

"ఏందే, ప్రార్థనా?" అంది వెంకాయమ్మ.

"కాదత్తా. మన గురించే రాశారంట. వినండి."

రోజా గురించి మొదలుపెట్టింది. నీటి బొట్టు మాట వచ్చేసరికి తల ఎత్తి హజ్రా బీ వైపు చూస్తూ చదివింది. షెడ్డులో ఒక్కొక్కరే అటు తిరిగారు. తరువాతి వాక్యం ఇలా ఉంది. 'ఈ దినములలో మహమ్మదీయ స్త్రీలు మధ్యాహ్న సమయమున గృహమందు విశ్రాంతి గైకొందురు.'

పడమటి కిటికీ కింద ఎవరో కిసుక్కుమన్నారు. వచ్చిన నాటి నుంచి ఎవరితోనూ గట్టిగా మాట్లాడని హజ్రా బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది.

"విశ్రాంతా! ఎవరమ్మా ఇది రాసింది? మా ఆయన్ని అడిగి రాసుంటాడు. తెల్లారకముందే లేచి వండేది మేం, పొద్దుగూకినాక వండేది మేం. విశ్రాంతి తీసుకొనేది ఆయన, ఆయన గుర్రం."

షెడ్డంతా గొల్లుమంది. "మా గురించి ఏం రాశాడో చూడవే," అంది వెంకాయమ్మ ముందుకు జరిగి.

రాహేలు పేజీలు తిప్పింది. 'శివరాత్రి దినమున హిందూ స్త్రీలు రేయంతయు కనురెప్ప వాల్చక దైవధ్యానము సేతురు.'

"కనురెప్పా!" తూర్పు గోడ నుంచే ఎవరో అందుకున్నారు. "పోయినేడు కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ పక్కనే గుర్రు పెట్టింది వెంకాయమ్మత్త. మేళాలకే లేవలా!"

"కొండెక్కి దిగితే మీకు తెలిసొచ్చుద్దే, ముదనష్టపుదానా!" అని వెంకాయమ్మ తిట్టి, తానే అందరికంటే పెద్దగా నవ్వింది.

క్రైస్తవులు శ్రమదినాల్లో నలభై రోజులూ మాంసం ముట్టరని రాసి ఉంటే, "ఆడవాళ్ళం ముట్టం. మగవాళ్ళ సంగతి దేవుడికి తెలుసు," అని పల్లెవాళ్ళు ఒప్పుకున్నారు.

నవ్వులు సర్దుమణిగాక రాహేలు లేచి వెళ్ళి హజ్రా బీ ముందు కూర్చుంది. "తెలవక నోటికి పెట్టానక్కా. తోసేస్తే, నా చేతిదని తోశావనుకున్నా."

హజ్రా బీ తెల్లబోయింది. "అల్లా! అట్టా అనుకున్నావా? నేనేమో, ఈమె కావాలనే రోజా చెడగొట్టి, పనిలోంచి పంపించేదానికి చూస్తందనుకున్నా. రాత్రంతా ఏడ్చా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దేవుడు మనుషుల మధ్య గోడలు కట్టలేదు. మనమే కట్టుకొని, అవతలి వాళ్ళు కట్టారని అనుకుంటాం.

"పంపించాలనే చూస్తన్నారక్కా," అని రాహేలు గుమాస్తా మాట దాచకుండా చెప్పింది. హజ్రా బీ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "అది తరవాత. ముందు ఇది చెప్పు. మీరు తెల్లారుజామున ఎప్పుడు లేస్తారు?"

"కోడి కూయకముందే. సహరీ తిని నమాజు చేసుకున్నాక పని మొదలయ్యేదాకా కూర్చోటమే."

"ఒంట్లో సత్తువ ఎప్పుడుంటది?"

"అప్పుడే అమ్మా. ఎండెక్కినాకే గొంతు ఎండేది."

పొగాకుతో పనిచేసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. మండెలుగా, అంటే పెద్ద కుప్పలుగా పేర్చిన ఆకు తెల్లవారుజాము మంచుకి గుడ్డలా మెత్తగా ఉంటుంది. ఎండ ముదిరాక అప్పడంలా పెళుసెక్కి, ముట్టుకుంటే పొడి అవుతుంది. ఎనిమిదింటికి గేటు తెరవటం ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. ఎందుకని ఎవరూ అడగలేదు.

షెడ్డులో అందరితోనూ మాట్లాడి, రాహేలు గుమాస్తా దగ్గరికి వెళ్ళింది. "వాళ్ళని తీసెయ్యొద్దయ్యా. వేకువనే రానీయండి. ఆకు మెత్తగా ఉన్నప్పుడు మండె విప్పి, ముడతలు సాగదీసి పెడతారు. వెలుగొచ్చాక రంగు ఏరతారు. మధ్యాహ్నానికి ఇంటికి పోతారు. మేం వచ్చి కట్టలు కడతాం. పండగలంటారా, ఒకళ్ళు పోయినప్పుడు మిగిలినవాళ్ళు కూర్చుంటారు. అందరూ ఒప్పుకున్నారు."

"వేకువన తాళం ఎవడు తీస్తాడే?"

"నేను తీస్తా."

"సరుకు తయారు కాకపోతే?"

"వాళ్ళతో పాటు నన్నూ తీసెయ్యండి."

అమరేశ్వరరావు చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. ఆఖరికి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "లారీ వచ్చేదాకా చూస్తా. అప్పటికి ఒక్క మండె మిగిలినా నాదెండ్ల వాళ్ళు వస్తారు. నీ మాట వినను."

అప్పటి నుంచి షెడ్డులో కోడికూతకే పని మొదలైంది. ముసుగులు వేసుకొని ఆరుగురూ చీకట్లోనే వచ్చేవారు. రాహేలు లాంతరు పట్టుకొని గేటు దగ్గర ఉండేది. ఎనిమిదింటికి మిగిలినవాళ్ళు వచ్చేసరికి సాపుగా సాగిన ఆకు వాళ్ళ ముందు సిద్ధంగా ఉండేది. కొన్నాళ్ళకి గుమాస్తా చూపు నేల మీద పడింది. రోజూ చీపురుతో ఊడ్చి గంపలకెత్తే ఆకు పొడి సగానికి సగం తగ్గిపోయింది. ఆయన కాలితో ఆ చిన్న కుప్పని కాస్త కదిపి చూసి వెళ్ళిపోయాడు.

ఆరుగురూ ఇళ్ళకి పోయేముందు మధ్యాహ్నం చదువు మాత్రం ఆగలేదు. ఒక పేజీ చదివితే పది మాటలు పుట్టేవి. పుస్తకం చెప్పింది సగమే, మిగతా సగం పక్కన కూర్చున్నవాళ్ళు చెప్పేవారు. ఎవరికి ఏ రోజు ముఖ్యమో, ఎవరు ఏది ముట్టరో ఒకరివి ఒకరికి తెలిశాయి. అన్నీ మారిపోయాయని చెప్పను. నీళ్ళ కుండలు ఆ ఏడు కూడా ఊరివాళ్ళకొకటీ, పల్లెవాళ్ళకొకటీ, రెండుగానే ఉన్నాయి. కానీ హజ్రా బీ వాళ్ళు ఉన్నంతసేపు వాళ్ళ ఎదుట ఎవరూ చెంబెత్తి తాగేవారు కాదు. ఆ మాట రాహేలు చెప్పలేదు. వెంకాయమ్మే లేచి పెరట్లోకి వెళ్ళి తాగిరావటం మొదలుపెట్టింది, మిగిలినవాళ్ళు ఆమె వెనక నడిచారు.

శివరాత్రికి వెంకాయమ్మ బృందం 'చేదుకో కోటయ్యా' అంటూ కొండకి బయలుదేరింది. ఆ రోజు హజ్రా బీ వాళ్ళు మధ్యాహ్నం దాటినా పనిలోంచి లేవలేదు. లెమ్మంటే, "కొండెక్కే వాళ్ళకంటే మాకేం కష్టం? నీడలోనేగా," అన్నారు. శ్రమదినాలు మొదలయ్యే బూడిద బుధవారం పొద్దున రాహేలు వాళ్ళు ఆరాధనకి పోతే, తిరునాళ్ళ నుంచి వచ్చి ఇంకా నిద్ర తీరని కళ్ళతో వెంకాయమ్మ వాళ్ళు పనిలో కూర్చున్నారు.

ఆ బుధవారం మధ్యాహ్నానికి ఒకే ఒక్క మండె మిగిలింది. గుమాస్తా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "వాళ్ళ పండగ రేపా, ఎల్లుండా?"

"నెలవంక చెప్పాలయ్యా," అంది రాహేలు. "ఈ సాయంత్రం కనపడితే రేపు. లేకపోతే ఎల్లుండి."

"చందమామ నాకు ముందే కబురంపొచ్చుగా!"

పండగ రేపే అయితే లారీ ఎల్లుండి పొద్దున్నే వచ్చేస్తుంది. ఆరుగురూ లేకుండా రేపు ఒక్కరోజులో ఆ మండె తేలదు. హజ్రా బీ ఆకాశం వైపు ఒకసారి చూసి, మళ్ళీ తన చోట్లో కూర్చుంది. "ఇయ్యాలే తేల్చేద్దాం అమ్మా. చందమామ ఇష్టం చందమామది, మన పని మనది." ఆరుగురూ కూర్చున్నారు. అది చూసి ఇంటికి పోవాల్సిన వెంకాయమ్మ వాళ్ళూ కూర్చున్నారు. శ్రమదినాల మొదటి ఒక్కపొద్దులో ఉన్న పల్లెవాళ్ళూ కూర్చున్నారు. ఆకు పెళుసెక్కే వేళ కావటంతో పిల్లల్ని పడుకోబెట్టినట్టు మెల్లగా, నెమ్మదిగా తీశారు. పొద్దు గూట్లోకి దిగుతుండగా హజ్రా బీ చివరి కట్టకి ముడి వేసింది.

మసీదు నుంచి బాంగు వినిపించింది. ఆరుగురూ మెట్ల మీదికి వచ్చి ఖర్జూరం నోట్లో వేసుకొని నీళ్ళు తాగారు. ఆ తరువాత అందరూ తలలెత్తి పడమటి వైపు చూశారు. ఎర్రటి మబ్బు తప్ప ఏమీ లేదు. హజ్రా బీ కళ్ళు చికిలించుకొని చూస్తోంది, కనపడలేదు.

"అదుగో!" వెంకాయమ్మ ఎగిరి గంతేసింది. "ఆ తాడిచెట్టు మట్టకి పైన! గోరంత! అటు కాదే, ఇటు!"

ఆమె వేలు చూపిన వైపు చూస్తే నిజంగానే ఉంది, వెంట్రుక మందాన నెలవంక. ఆరుగురూ దోసిళ్ళెత్తి దువా చేశారు. వాళ్ళ పక్కనే నిలబడి రాహేలు కూడా కళ్ళు మూసుకుంది.

గుమాస్తా లోపల కట్టలన్నీ చూసుకొని బయటికి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. "రాహేలూ, ఆ ఆరుగుర్నీ రేపు రావొద్దని చెప్పు."

హజ్రా బీ చెయ్యి రాహేలు చేతిని పట్టుకుంది.

"పండగ కదా," అన్నాడాయన, ఏం తప్పు మాట అన్నానా అని బిత్తరపోతూ. "ఎల్లుండి వేకువనే రమ్మను. లారీ ఎక్కించాక కొత్త మండెలు వస్తయ్. ఈ వేకువ పని ఎండలు పోయేదాకా ఇట్టాగే సాగనీ. నాదెండ్ల వాళ్ళకి వద్దని కబురంపుతా."

హజ్రా బీ నవ్వలేకా, ఏడవలేకా, రాహేలు భుజం మీద తల ఆనించింది. జట్కావాడి ఇంట పండగ నిజంగా అప్పుడే వచ్చింది.

మర్నాడు పండగపూట హజ్రా బీ ఇంటి నుంచి సేమ్యా పాయసం గిన్నె మీద గుడ్డ కట్టుకొని షెడ్డుకి వచ్చింది. అది పొద్దుటి పూటే రావటంతో, ఒక్కపొద్దులో ఉన్న రాహేలు దానివంక దిగులుగా చూస్తుంటే, వెంకాయమ్మ చొరవగా గిన్నె అందుకుంది. ఇంట్లో ఏమంటారో అని ఒక్క క్షణం ఆగి, ఆ తరువాత తాగింది.

"నాకు హక్కుందే," అంది మూతి తుడుచుకుంటూ. "నేను చూపించబట్టేగా ఊరందరికీ పండగొచ్చింది!"

ఆ మాట ఆమె పేటలో ప్రతి వీధిలోనూ, కనపడిన ప్రతి సాయెబుతోనూ చెప్పుకొని తిరిగింది. విన్నవాళ్ళెవరూ కాదనలేదు.